ఆకలేసిందా, వేళయిందా?

మా ఇంట్లో శనివారం ఉపవాసమంటే ఉప్మా. అన్నం ముట్టకూడదు, అంతే. ఉప్మా తర్వాత రెండు అరటిపళ్ళు, పడుకోబోయే ముందు గ్లాసుడు పాలు. ఏకాదశినాడు ఇంకాస్త నిష్ఠ కాబట్టి చిలగడదుంపలూ సగ్గుబియ్యం పాయసమూ. ఉపవాసం రోజున మా అమ్మ మామూలు రోజుకన్నా ఎక్కువసేపే పొయ్యి దగ్గర నిలబడేది. అలాంటి ఇంట్లో పెరిగిన నేను నలభై తొమ్మిదో ఏట, గోదావరి జిల్లాలో కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక ప్రకృతి చికిత్సాలయంలో చేరి, అయిదు రోజులు నిమ్మరసం, తేనె, కొబ్బరినీళ్ళ మీద ఉన్నాను.

అక్కడ తగ్గిన బరువులో సగానికి పైగా నెల తిరక్కుండానే తిరిగొచ్చింది. పోకుండా మిగిలింది ఒక ప్రశ్న: ఇప్పుడు నాకు ఆకలేసిందా, వేళయిందా? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న గురించే. ఎక్కడికీ వెళ్ళకుండా మీ ఇంట్లోనే దాన్ని ఎలా వేసుకోవచ్చో చివర్లో చెప్తాను.

లోను రాని మనిషి

నేను బ్యాంకు ఉద్యోగిని. పొద్దున్నే టిఫిను, పదకొండింటికి కాఫీ, ఒంటిగంటన్నరకు క్యారేజీ, అయిదు కాకముందే మళ్ళీ కాఫీ, దాంతో ఎవరో ఒకరు తెప్పించిన బజ్జీలు, రాత్రి ఎనిమిదిన్నరకు టీవీ ముందు భోజనం. ఇరవై ఏళ్ళు ఇదే వరస. బరువు 84 కిలోలకు చేరింది. పరగడుపున చక్కెర 112 వచ్చింది. 'ఇంకా మాత్రల దాకా రాలేదు, బరువు తగ్గండి' అన్నారు మా డాక్టరుగారు. 'పది రోజులు మా ఊరి దగ్గర ఆశ్రమంలో ఉండు బావా, మనిషివి మారిపోతావు' అన్నాడు మా బావమరిది. మార్చి లెక్కలన్నీ ముగిశాక, ఆషాఢంలో సెలవు పెట్టి వెళ్ళాను.

చేరినరోజు రక్తపరీక్షలు, బీపీ, వాడే మందుల జాబితా అన్నీ చూశాకే గది ఇచ్చారు. వరసలో నా ముందున్నాయన ఇన్సులిన్ వాడతాడు. ఏడు రోజులు కటిక ఉపవాసం చేస్తానని పట్టుబట్టాడు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. 'మీకు ఉపవాసం లేదండీ. ఇక్కడున్నన్నాళ్ళూ మూడు పూటలా తినాల్సిందే, ఉప్పూ నూనే మాత్రం ఉండవు' అంది. ఆయన ముఖం చూస్తే నాకు నా కేబిన్ గుర్తొచ్చింది. లోను రాదని చెప్పినప్పుడు ఖాతాదారు సరిగ్గా అలాగే చూస్తాడు.

అప్పుడు ఆమెది మొండితనమనుకున్నాను. ఆ పది రోజుల్లో నేను చూసిన వాటిలో మెచ్చుకోవలసిన మొదటి సంగతి అదేనని తర్వాత అర్థమైంది. అడిగిన ప్రతివాడికీ అప్పిచ్చే బ్యాంకు ఎంతకాలం నిలుస్తుందో, వచ్చిన ప్రతివాడి చేతా ఉపవాసం చేయించే ఆశ్రమమూ అంతే.

కండక్టరుగారి కాగితం

నా గదిలో రెండో మంచం రిటైరైన ఆర్టీసీ కండక్టరుగారిది. తణుకు వైపు మనిషి. మొదటి రెండు రోజులూ మాకు ఉప్పు లేని పచ్చికూరలు, ఉడికీ ఉడకని సొరకాయ, పండ్లు, మొలకలు పెట్టారు. మూడో రోజు నుంచి ద్రవాలే. అయిదింటికి లేపుతారు. గోరువెచ్చని నీళ్ళు, ఎనిమా, ఆసనాలు, పొట్ట మీద మట్టిపట్టీ, తొట్టిస్నానం, రోజు విడిచి రోజు ఆవిరిస్నానం. రెండు రెండున్నర గంటలకోసారి ఒక గ్లాసు వస్తుంది. రాత్రి తొమ్మిదికి దీపాలు ఆర్పేస్తారు.

రెండో రోజుకే నాకు తల పగిలిపోయింది. 'ఇంకా ఉపవాసమే మొదలవలేదు, ఇదేమిటి' అని నేను మూలుగుతుంటే కండక్టరుగారు నవ్వారు. 'నాకిది అలవాటేనండీ. కార్తీకమాసంలో సోమవారాలు నక్షత్రం చూసేదాకా మంచినీళ్ళే.'

'డ్యూటీలో ఆకలేసేది కాదా?'

'ఎందుకెయ్యదండీ, ఏసేది. టిక్కెట్లు కొడతా మర్చిపోయేవోణ్ణి. బస్సు ఖాళీ అయ్యాక మళ్ళీ గుర్తొచ్చేది. ఆకలికేం, ఎక్కుద్ది, దిగుద్ది. మీరోపని చెయ్యండి మేనేజరుగారూ. మేం స్టేజీ స్టేజీకీ ఎస్సార్ కాగితం రాసేవోళ్ళం. ఎక్కడ ఎంతమంది ఎక్కారో దాంట్లో తెలిసిపోద్ది. అలాగ మీ ఆకలి ఎప్పుడెక్కిందో, ఎప్పుడు దిగిందో రాయండి.'

కాలక్షేపానికి మొదలుపెట్టాను. ఆసుపత్రి చార్టు వెనకవైపు, పెన్సిలుతో. ఉపవాసం మొదటిరోజు నా లెక్క ఇది: 7.40, 11.05, 1.30, 4.45, 8.30. రెండో రోజూ అయిదు పది నిమిషాల తేడాతో అవే. ఆ పట్టికను చూసి నేనే తెల్లబోయాను. అది నా కడుపు రాసింది కాదు, మా బ్రాంచి టైంటేబులు. పైగా ఏ ఆకలీ అరగంటకు మించి నిలవలేదు. ఏమీ తినకపోయినా దానంతట అదే దిగిపోయింది.

డాక్టరమ్మకు చూపిస్తే ఆశ్చర్యపోలేదు. పొట్టలో గ్రెలిన్ అనే హార్మోను తయారవుతుందట. మనం రోజూ తినే వేళలకు అది ముందుగానే పెరుగుతుంది. తినకపోయినా కాసేపటికి తగ్గుతుంది. వేళ మారిస్తే కొన్నాళ్ళకు అదీ కొత్త వేళకు అలవాటు పడుతుంది.

ఉపవాసం మూడో రోజు నుంచి కాగితం మీద అంకె పక్కన ఒక అక్షరం కూడా రాశాను. వేళకు వచ్చినదైతే 'వే'. మనసుకు సంబంధించినదైతే 'మ'. బ్రాంచి నుంచి ఫోను వచ్చి, ఆడిట్ వాళ్ళు ఏదో ఫైలు అడుగుతున్నారని చెప్పిన రెండు నిమిషాలకు పేగులు అరిచాయి. అది 'మ'. వంటశాలలో సిబ్బంది కోసం పోపు వేసిన వాసన వస్తే నోరూరింది. అదీ 'మ'. నిజమైన ఆకలికి 'ఆ' అని పెట్టుకున్నాను. ఉపవాసం ముగిసేసరికి 'ఆ' నాలుగంటే నాలుగు.

ఆ నాలుగింటినీ ఎలా పోల్చుకున్నానో చెప్పాలి. మొదటి రెండు రోజులూ ఉడికీ ఉడకని చప్పిడి సొరకాయ పెట్టారని విసుక్కున్నాను కదా, ఇప్పుడు అదే సొరకాయ ముక్క ఎదురుగా పెడితే తింటానా అని నన్ను నేను అడిగేవాణ్ణి. 'అబ్బే, సొరకాయ వద్దు, ఒక్క మిరపకాయ బజ్జీ అయితే…' అని లోపల్నుంచి జవాబొస్తే అది ఆకలి కాదు. 'సొరకాయైనా సరే, తే' అంటే అది ఆకలి. దీనికి సొరకాయ పరీక్ష అని పేరు పెట్టాను. ఇంతకన్నా నికార్సయిన పరీక్ష నాకు ఇంతవరకూ దొరకలేదు.

విషాల కథ, నీళ్ళ లెక్క

సాయంత్రాలు హాల్లో ఉపన్యాసం ఉండేది. ఉపవాసంతో ఒంట్లో విషాలన్నీ బయటికి పోతాయని, నాలుక మీద తెల్లగా పేరుకునేది ఆ విషమేనని ఒక వలంటీరు ఉత్సాహంగా చెప్పేవాడు. ఈ మాటలకు చాలా పెద్ద వయసుంది. తొట్టిస్నానాన్ని ప్రచారంలోకి తెచ్చిన జర్మనీవాడు లూయీ కూనే రోగాలన్నిటికీ మూలం ఒంట్లో చేరిన మాలిన్యమేనన్నాడు. ఆయన పుస్తకాన్ని వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగులోకి తెచ్చారు. గాంధీ ఆ తొట్టిస్నానాలు చేసి, ఇంట్లోవాళ్ళ చేతా చేయించి, 1946లో పుణె దగ్గర ఉరుళీకాంచన్‌లో ప్రకృతి చికిత్సాలయం పెట్టించారు. అంత చరిత్ర ఉన్నదాన్ని తేలిగ్గా తీసెయ్యను. కానీ ఒంట్లో చెత్తను ఊడ్చే పని కాలేయమూ మూత్రపిండాలూ రోజూ చేస్తూనే ఉంటాయి. వాటికి మన ఉపవాసంతో పనిలేదు. నాలుక మీది తెల్లని పూత నోరెండిపోయినప్పుడు పెరిగే బాక్టీరియా, రాలిన కణాలు. నా తలనొప్పి విషం కాదు, మానేసిన కాఫీ. రోజుకు నాలుగు కప్పులు తాగేవాడు ఒక్కసారిగా ఆపితే సాధారణంగా ఒక రోజులోపే నొప్పి మొదలై, రెండో రోజుకు ముదిరి, ఒక్కోసారి వారం దాటినా వదలదు.

కణం తన పాత భాగాలను తానే అరిగించుకునే ఆటోఫేజీ గురించి కూడా ఆ హాల్లో విన్నాను. ఆ పరిశోధనకు జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చిన మాట నిజం. ఆయన ప్రధానంగా పనిచేసింది ఈస్టు కణాల మీద. అక్కణ్ణుంచి 'అయిదు రోజులు తినకపోతే ఫలానా జబ్బు పోతుంది' అనే దాకా గెంతడం మన ఉత్సాహం.

అసలు జరిగేది ఇది. కాలేయంలో దాదాపు 100 గ్రాముల గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది. తిండి ఆగిన ఒక రోజుకు అటూఇటుగా అది ఖర్చయిపోతుంది. తర్వాత ఒళ్ళు కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేసుకుని వాటితో నడుస్తుంది. నోట్లోంచి ఒక రకమైన వాసన వచ్చేది అందుకే. అప్పుడు ఆకలి కూడా చాలామందికి మందగిస్తుంది. కొంత కండ కూడా కరుగుతుంది. ఈ సంగతి ఉపన్యాసాల్లో చెప్పరు.

ఇక బరువు. చేరినప్పుడు 84.2, ఇంటికి బయల్దేరినప్పుడు 79.8. నాలుగు కిలోల పైనే! బ్యాంకు బుద్ధి ఊరుకోదు కదా, కూర్చుని లెక్కేశాను. నా ఒంటికి రోజుకు 2000 కేలరీలు ఖర్చనుకుందాం. అయిదు రోజులకు 10,000. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. అంటే నేను ఏమీ తాగకుండా ఉన్నాననుకున్నా కరిగేది కిలోం పావుకు కాస్త ఎక్కువ. మిగతా మూడు కిలోలూ ఏమైనట్టు? గ్లైకోజెన్ ఒక గ్రాము ఖర్చయితే దాంతో పాటు మూడు గ్రాముల దాకా నీరు పోతుంది. ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు ఉప్పును, నీటిని బయటికి పంపుతాయి. పేగులు ఎలాగూ ఖాళీ. అందుకే నెల తర్వాత తూకం 82.1 చూపించినప్పుడు నేను ఏడవలేదు. వెనక్కి వచ్చింది చాలావరకు నీరే.

ఆ ఉప్పూ నీరూ పోవడం ఎలా ఉంటుందో నాలుగో రోజు తెల్లవారుజామున తెలిసింది. మంచం మీంచి దిగ్గున లేచాను. కళ్ళు చీకట్లు కమ్మాయి, తలుపు పట్టుకోకపోతే పడేవాణ్ణి. కండక్టరుగారు నన్ను కూచోబెట్టి నర్సును పిలిచారు. బీపీ బాగా పడిపోయింది. ఆ పూట తేనెనీళ్ళలో చిటికెడు ఉప్పు కలిపిచ్చారు. 'కళ్ళు తెరవండి, పక్కకు తిరగండి, కూచోండి, ఇరవై లెక్కపెట్టండి, అప్పుడు లేవండి' అంది నర్సమ్మ. ఉపవాసం ఉన్నా లేకపోయినా, బీపీ మాత్రలు వాడే ప్రతివాళ్ళూ పాటించాల్సిన సూత్రమిది.

పెసరట్టు చేసిన బోధ

ఉపవాసం చేయడం నేర్చుకోనక్కర్లేదు, తినకపోతే సరి. విరమించడమే విద్య. ఎనిమిదో రోజు పొద్దున సగం నీళ్ళు కలిపిన బత్తాయి రసం ఇచ్చారు. మధ్యాహ్నం నాలుగు బొప్పాయి ముక్కలు. మర్నాడు రాగిజావ, మెత్తగా ఉడికించిన సొరకాయ. పదో రోజు పలచటి పెసరకట్టు, ఒక పుల్కా. తర్వాత అయిదు రోజులు ఇంట్లో ఏం తినాలో చీటీ రాసిచ్చి, 'నూనె, కారం, కాఫీ వెంటనే వద్దు' అని రెండుసార్లు చెప్పారు.

బావమరిది కారేసుకుని వచ్చాడు. గంట తర్వాత హైవే పక్కన ఆపాడు. 'ఒక్క పెసరట్టు బావా, పది రోజులు తపస్సు చేశావ్' అన్నాడు. నా చేతి గడియారంలో 4.45. కాగితం జేబులోనే ఉంది, తీయలేదు. పెసరట్టులో ఉప్మా వేయించుకున్నాను. అల్లం చట్నీ రెండుసార్లు అడిగాను. పైన కాఫీ. ఆ రాత్రి నుంచి మర్నాడు పొద్దుటి దాకా వాంతులు, విరేచనాలు, కడుపులో మెలికలు. అయిదు రోజుల ఉపవాసంలో రాని నీరసం ఒక్క పూటలో వచ్చింది. హోటలువాడి తప్పేం లేదు. అదే పెసరట్టు తిన్న బావమరిది హాయిగా గురకపెట్టి నిద్రపోయాడు.

నాది కడుపునొప్పితో పోయింది. అందరికీ అలా పోదు. మరీ ఎక్కువ రోజులు తిండి లేనివాళ్ళు, ముందే బక్కచిక్కి ఉన్నవాళ్ళు ఒక్కసారిగా బాగా తింటే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, చెరల్లో ఆకలితో మాడి బయటపడ్డవాళ్ళు కడుపునిండా తిని ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. మన పెద్దవాళ్ళు ఏకాదశి మర్నాడు ద్వాదశి పారణకు ఒక పద్ధతి పెట్టుకున్నారు. రోజా విడిచేవాళ్ళు ఖర్జూరంతో, నీళ్ళతో మొదలుపెడతారు. ఆ పద్ధతిని అవతల పెట్టి నేను హైవే పక్కన కారాపుకున్నాను.

ఎవరు చేయకూడదు

ఇన్సులిన్ లేదా చక్కెర మాత్రలు వాడేవాళ్ళు తమ డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఎగ్గొట్టకూడదు. చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలతో ఇంకో చిక్కుంది. చక్కెర మామూలుగానే కనిపిస్తూ రక్తం ఆమ్లమయం కావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, బక్కపలచని వృద్ధులు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్ళు, గౌటు ఉన్నవాళ్ళు, తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడినవాళ్ళు దీర్ఘోపవాసం జోలికి పోవద్దు.

ఆశ్రమంలో చేరాలనుకుంటే ముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలడగండి. బి.ఎన్.వై.ఎస్. చదివిన డాక్టరు ఇరవై నాలుగు గంటలూ ఉంటారా? అది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళ ప్రకృతి చికిత్స, యోగ చదువు. రోజూ బీపీ, చక్కెర చూస్తారా? మీరు ఎవరికి ఉపవాసం ఇవ్వరు? మూడో ప్రశ్నకు 'మా దగ్గర అందరికీ ఇస్తాం' అంటే ఫోను పెట్టేయండి. 'వచ్చాక మీ మాత్రలన్నీ ఆపేయిస్తాం' అన్నా అంతే.

ఇంట్లో చేయాల్సింది

1. రెండు వారాలు కాగితం రాయండి. తిండి మానొద్దు, తగ్గించొద్దు. తినాలనిపించిన ప్రతిసారీ టైము, పక్కన 'ఆ', 'వే', 'మ'లలో ఒక అక్షరం. అనుమానమొస్తే సొరకాయ పరీక్ష.

2. మూడో వారం నుంచి, 'వే' ఎక్కువసార్లు పడిన ఒక్క వేళను ఎంచుకోండి. నాకది సాయంత్రం బజ్జీల వేళ. ఆ టైముకి గ్లాసు నీళ్ళు తాగి అరగంట వేరే పని పెట్టుకోండి. కండక్టరుగారు చెప్పినట్టు, దిగిపోతుందేమో చూడండి. దిగకపోతే తినండి.

3. 'మ'కు నీళ్ళు పనిచేయవు. ఆడిట్ ఫోనుతో వచ్చిన ఆకలి ఆ ఫైలు పని చూస్తేనే పోతుంది. కోపంతో వచ్చినదైతే లేచి నాలుగడుగులు నడవాలి.

4. రాత్రి భోజనానికీ పొద్దుటి టిఫినుకూ మధ్య పన్నెండు గంటలు ఉండేట్టు చూడండి. ఏడున్నరకు తింటే మళ్ళీ ఏడున్నరకు. పైన చెప్పిన జబ్బులేవీ లేనివాళ్ళకు ఇది ఉపవాసం కిందే లెక్క కాదు, కానీ టీవీ ముందు రెండో భోజనాన్ని ఇదే ఆపుతుంది.

5. వారానికి ఒక ఒంటిపూట చాలు. ఆ రెండో పూట ఉప్మాతో నింపకండి.

6. కాఫీ మానాలనుకుంటే రెండు రోజులకో కప్పు చొప్పున తగ్గించండి. నా తలనొప్పి మీకెందుకు?

ఏడాది దాటింది. నా బరువు ఇప్పుడు 79. పరగడుపు చక్కెర 101. ఇది ఆ అయిదు రోజుల గొప్ప కాదు, ఏడాదిగా జేబులో ఉన్న కాగితానిది. దానిలో ఇప్పటికీ 'వే'లే ఎక్కువ పడతాయి. వాటిలో చాలాసార్లు తింటాను కూడా. తేడా ఒక్కటే, తెలిసి తింటాను.

రేపు పదకొండింటికి మీ ఆఫీసులో ఎవరో ఒకరు పొట్లం విప్పుతారు. వద్దనకండి, అవతలివాళ్ళు నొచ్చుకుంటారు. చెయ్యి చాచేముందు ఒక్క అక్షరం రాయండి. రాసి తినండి.